సకుయ అనే పేరూ, పది పెన్సిలు చుక్కలూ

ఇందులో మా ఇంటివాళ్ళ పేర్లేవీ రాయను. రాస్తే మా ఆవిడ నాకు అన్నం పెట్టదు. ఒక్క పేరు మాత్రం రాయక తప్పదు, అది మా మనవరాలిది. అయినా ఆ పేరు మాకంటే ముందు జపాను పురాణంలో ఒక దేవతది. ఆ దేవత పేరు రాస్తున్నాననుకుంటే సరిపోతుంది.

నాకు అనుమానం ఎక్కువ. ఈ మాట నేను చెప్పుకోవడం కొత్త గానీ, మావాళ్ళు అనడం ఎప్పటినుంచో ఉన్నదే. కర్నూలు వన్‌టౌన్‌లో ముప్పై ఏళ్ళకు పైగా బియ్యం, పప్పుల అంగడి నడుపుతున్నాను. అనుమానం లేనివాడి అంగడి ఈ ఊళ్ళో ఆరు నెలలు నిలవదు. బస్తా మూతి విప్పితే పైన కందిపప్పు ఎప్పుడూ మెరుస్తూనే ఉంటుంది. అమ్మేవాడు దోసిట్లోకి తీసి చూపించేదీ ఆ పైపప్పునే. నేను దాని వంక చూడను. గాడి తీసిన ఇనుప చువ్వ ఒకటి నా గల్లాపెట్టె పక్కన ఎప్పుడూ ఉంటుంది. దాన్ని బస్తా నడుములో గుచ్చి బయటికి లాగితే లోపలి గింజలు ఆ గాడిలో వస్తాయి. పుచ్చుందా, మట్టిబెడ్డలున్నాయా, నిరుటి సరుకు కలిపారా అన్నది అప్పుడు తేలుతుంది. పైన పటారం లోన లొటారం అన్నది అందరికీ సామెత, నాకు రోజువారీ పని.

చిక్కేమిటంటే, సాయంత్రం ఆ చువ్వను అంగట్లో వదిలేసి ఇంటికి రావడం నాకు చేతకాలేదు.

ఇల్లు ఊరి పక్కనే కల్లూరులో కొత్తగా కట్టుకున్నాం. మాకు ఒక్కడే కొడుకు. మన సీమలో ఎండ చాలదన్నట్టు రాజస్థాన్ పోయి, సోలారు పలకలు బిగించే కంపెనీలో ఇంజనీరుగా చేరాడు. అక్కడ పనిచోట రేకుల గదుల్లో సంసారం కుదరదు కాబట్టి కోడలు మాతోనే ఉండేది. ఆ పిల్లది కడప దగ్గర కమలాపురం, వాళ్ళ నాయనకు అక్కడ ఎరువుల అంగడి. చదువుకున్న పిల్ల, కల్లూరులోనే ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేది.

కూతురు లేని నాకు ఆ పిల్ల వచ్చాక పొద్దుటి కాఫీకి రుచి వచ్చింది. పేపర్లో రోజూ అంకెల గళ్ళు వస్తాయి కదా, సుడోకు అంటారు. మేమిద్దరం పెన్సిలు పట్టుకుని దాని మీద పడేవాళ్ళం. నేను రెండు గళ్ళు నింపేలోపు ఆమె ఇరవై నింపేది. చివరికి ఒకే ఒక్క గడి ఖాళీగా వదిలి, పేపరు నా వైపు జరిపేది. "మీరు ముగించండి మామా," అనేది. ఆ ఒక్క గడిలో ఏ అంకె రావాలో చంటిపిల్లవాడికైనా తెలుస్తుంది. అయినా నేను బాగా ఆలోచించినట్టు నటించి, ఆ అంకె వేసి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టేవాణ్ణి.

ఆ ఏడాది వినాయక చవితికి ముందురోజు కొడుకు వచ్చాడు. ఐదు రోజులుండి, నిమజ్జనం కూడా చూడకుండా బండెక్కాడు. అంతకుముందు వాడు వచ్చింది ఎండాకాలంలో. కార్తీకమాసంలో కోడలు నీళ్ళోసుకుందని తెలిసింది. మా ఆవిడ ఆమెను తోడ్కొనిపోయి స్కాను తీయించుకొచ్చి, ఆ కాగితం హాల్లో టేబులు మీద పెట్టింది. ఇద్దరూ లోపల నవ్వుకుంటూ ఏదో మాట్లాడుకుంటున్నారు. నేను కాగితం అందుకున్నాను. ఇంగ్లీషు నాకు అంతంతమాత్రం, అంకెలకు ఏ భాషైతేనేం. పది వారాలు అని ఉంది.

ఎందుకు చేశానో ఇప్పటికీ తెలియదు. సుడోకు పెన్సిలు తీసుకుని గోడకున్న పంచాంగం కేలండరు దగ్గరికి పోయాను. ఆ రోజు నుంచి వెనక్కి, వారానికొక చుక్క పెట్టుకుంటూ పోయాను. ఎనిమిదో చుక్క చవితి దగ్గర పడింది. ఇంకా రెండు మిగిలాయి. పదో చుక్క చవితికి పన్నెండు రోజుల ముందు పడింది. ఆ రోజు నా కొడుకు రాజస్థాన్‌లో ఉన్నాడు.

మళ్ళీ లెక్కపెట్టాను. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు. లెక్క మారలేదు.

మా ఆవిడను ఒక్క మాట అడిగి ఉంటే అక్కడితో ముగిసేది. కానీ ఆడవాళ్ళ నెలల సంగతి మగవాడు ఎత్తడం మా ఇళ్ళల్లో లేదు. ఎత్తితే, ఎందుకడుగుతాండారు అని తిరిగి అడుగుతుంది. ఆ ఎందుకుకు నా దగ్గరున్న జవాబు నోరు దాటకూడనిది. దాటితే ఆ పిల్ల బతుకు, నా కొడుకు బతుకు, రెండూ బజారున పడతాయి. అందుకని మింగేశాను. మింగడం అంటే మర్చిపోవడం కాదని వ్యాపారస్తులకు చెప్పనక్కర్లేదు.

ఆ మర్నాటి నుంచి అంగడికి గంట ముందే బయల్దేరడం మొదలుపెట్టాను.

"ఏం మామా, గళ్ళు నింపల్లేదా?" అని కోడలు గడప దగ్గరికి వచ్చి అడిగింది.

"అంగట్లో పనుండాదిమ్మా," అన్నాను చెప్పులేసుకుంటూ.

ఇక ఏది చూసినా నాకు ఒకటే కనిపించేది. ఫోను మోగితే ఎవరు? నవ్వితే ఎందుకు? స్కూలు నుంచి పావుగంట ఆలస్యమైతే ఎక్కడ? నిప్పు లేనిదే పొగ రాదు కదా అనుకునేవాణ్ణి. కొడుకు ఫోను చేసినప్పుడు మాటల మధ్యలో, "చవితికి ఏ తేదీన వచ్చినావురా?" అని తెలియనట్టు అడిగాను. "ముందురోజు గదా నాయనా, నువ్వే గదా స్టేషనుకు వచ్చినావు," అన్నాడు. వాడి గొంతులో ఏ కల్మషమూ లేదు. అది విని నాకు వాడి మీద జాలి వేసింది.

ఐదో నెలలో కోడలికి రక్తం కనిపించింది. కదలకుండా పడుకోవాలని డాక్టరమ్మ చెప్తే కమలాపురం తీసుకుపోయారు. అంత తొందరగా పుట్టింటికెందుకు అని కూడా నాకు అనుమానమే. మా ఆవిడ పదిహేను రోజులకోసారి పోయొచ్చేది. నేను పోలేదు. సపోటాలు, దానిమ్మలు సంచి నిండా కట్టి పంపేవాణ్ణి. ఒక పొద్దున అంగట్లో ఒక్కణ్ణే కూర్చుని ఉన్నప్పుడు, ఈ కడుపు నిలవకపోతే లెక్క కూడా అక్కడితో తీరిపోతుంది కదా అనుకున్నాను. ఒక్క క్షణమే. అనుకున్నాను మాత్రం నిజం. ఆ మాట తలుచుకుంటే ఈరోజుకూ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

బిడ్డ నిలిచింది. మే నెల చివర్లో, కడపలో రాళ్ళు పగిలే ఎండలో, ఆడబిడ్డ పుట్టింది. పోయి చూశాను. మా ఆవిడ బిడ్డను నా చేతుల్లో పెట్టి, "మీ ముక్కే," అంది. ఒక్క రోజు బిడ్డకు ముక్కేమిటి? ముక్కు చూశాను, చెవులు చూశాను, కాలివేళ్ళు కూడా చూశాను. ఎర్రగా ముడుచుకుని ఉంది. ఆ ఆస్పత్రిలో ఆ రోజు పుట్టిన బిడ్డలందరూ అట్లాగే ఉన్నారు. కోడలు మంచం మీద నుంచి నన్నే చూస్తోంది. నేను బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి, అంగడి వంక చెప్పి, సాయంత్రం బస్సుకే వెనక్కి వచ్చేశాను.

మా ఇంట్లో తొలి ఆడబిడ్డకు వాళ్ళ నాయనకు జేజి, అదే నాయనమ్మ, అయిన ఆవిడ పేరు పెట్టడం ఆనవాయితీ. అంటే మా అమ్మ పేరు. ఆ పేరే పెట్టాలని కొడుకుతో ముందే చెప్పి ఉన్నాను. చెప్పిన తర్వాత, మా అమ్మ పేరు ఈ బిడ్డకు దక్కడం న్యాయమేనా అని మళ్ళీ నాలో నాకే తగువు. ఆ తగువు తేలకముందే కమలాపురం నుంచి మా ఆవిడ ఫోను చేసింది.

"ఇరవై ఒకటో రోజు పేరు పెడతాండారు. మీరు ముందురోజే రావాల. పేరు కూడా అనుకున్యారు. సకుయ అంట."

"ఏందీ?"

"సకుయ. జపాను దేవత. పూల దేవతంట. పిలవను బాగుండాది గదా?"

"మనకు దేవతలు తక్కువైనారా? జపాను నుంచి తెప్పించుకోవల్లనా?"

"మీ చిన్నాయనకు పీర్ల మొక్కు పేరు పెట్టిన పొద్దు, మనకు దేవుళ్ళు తక్కువైనారా అని మీ జేజి అనుకునిందా? రోజూ పొద్దున పేపర్లో మీరు నింపే గళ్ళు యాడివి? అవి కూడా జపానువేనంట, కోడలు చెప్పింది."

మా వైపు పీర్ల చావిడి దగ్గర మొక్కుకుని పుట్టిన బిడ్డలకు, నామాలు పెట్టుకునే ఇళ్ళల్లో కూడా, ఆ పీరు పేరే పెడతారు. మా చిన్నాయన అట్లాంటి పేరుతోనే బతికి, ఆ పేరుతోనే పోయాడు. ఎవరూ వింత అనుకోలేదు.

"ఎవరు అనుకున్నారు ఈ పేరు? వాడా, ఆ పిల్లా?" అని అడిగాను.

"ఆ పిల్లే."

ఫోను పెట్టేశాక చాలాసేపు ఆ పేరును నోట్లో తిప్పి చూశాను. కొరుకుడు పడలేదు. మా అమ్మ పేరు కాదని, పక్కింటివాళ్ళు పెట్టుకునే పేరూ కాదని, సముద్రాలు దాటి ఎవరో తెలియని దేవత దగ్గరికి పోయిందంటే ఏదో ఉంది. ఫోనును నోటి దగ్గర పెట్టుకుని, సకుయ అంటే ఏమి అని అడిగాను. పిల్లలకు పేర్లు చెప్పే పేజీ ఒకటి వచ్చింది. విరబూసే పువ్వు అని అర్థమట. అరుదైన పేరట, చిన్న పేరట, చెవికి ఇంపట, పెట్టుకున్నవాళ్ళు సౌమ్యంగా ఉంటారట. పక్కనే ఇంకో నాలుగు పేర్లు చూశాను. అన్నీ అరుదైనవే, అన్నీ ఇంపైనవే, అందరూ సౌమ్యులే. ఇది పేర్లు అమ్మే అంగడి, చూపించేది పైపప్పు. చువ్వ దించితే గానీ లోపలిది రాదు.

మా అంగడికి చక్కెర జబ్బు కోసం కొర్రలు కొనే రిటైరైన చరిత్ర లెక్చరరు ఒకాయన వస్తాడు. ప్రపంచంలోని దేవుళ్ళందరూ ఆయనకు చుట్టాలే. ఆయన వచ్చినప్పుడు కొర్రలు తూకం వేస్తూ, మా బంధువులింట్లో ఈ పేరు పెడుతున్నారట, ఏమిటి కథ అని అడిగాను.

"సకుయానా? మంచి పేరప్పా. కథ శానా గట్టిది," అని ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఆయమ్మ కొండదేవుని కూతురు. సూర్యదేవత మనవడు భూమ్మీదికి దిగి, సముద్రం ఒడ్డున ఈ పిల్లను చూసి చేసుకున్యాడు. ఒక్కనాటికే కడుపొచ్చింది. వానికి అనుమానం. ఒక్కనాటికే కడుపా, ఆ బిడ్డ నాది కాదులే అన్యాడు."

నా చెయ్యి సంచి మీదే ఉండిపోయింది. కాటా మీద అంకె నిలవడం లేదు.

"అప్పుడు ఈయమ్మ ఏం చేసిందో తెలుసునా? తలుపు లేని ఇల్లు కట్టుకుని లోపలికి పోయి, సందులన్నీ మట్టితో పూసుకునింది. కాన్పు టయానికి తానే ఇంటికి నిప్పు పెట్టుకునింది. నీ బిడ్డలైతే కాలరు చూసుకో అని చెప్పి. ముగ్గురు మగబిడ్డలు పుట్టినారు. ఒకరికీ సెగ తగల్లా. ఇప్పటికీ ఆడ కాన్పు బాగా కావాలని ఆడోళ్ళు ఆయమ్మకే మొక్కుకుంటారు."

"మరి ఆ మొగుడు?"

"మొగుళ్ళు ఏమంటారప్పా?" అని ఆయన నవ్వాడు. "నాకు ముందే తెలుసులే, నలుగురికీ తెలవాలని అట్ల అన్యాను అన్యాడంట, ఒక పుస్తకంలో. చెయ్యి తియ్యప్పా, తూకం తప్పుతాండాది."

ఆయన కొర్రలు తీసుకుని పోయాడు. ఇప్పుడు అంతా తేటతెల్లమైందనుకున్నాను. ఆ పిల్లకు తెలిసిపోయింది. నేను అనుమానించానని ఎట్లాగో పసిగట్టింది. నోటితో అనకుండా, బిడ్డ పేరుతో అంటోంది. నేను బతికినన్నాళ్ళూ ఆ బిడ్డను పిలిచినప్పుడల్లా నన్ను నేనే తిట్టుకోవాలి, అదీ పథకం. ఎంత తెలివి! ఒకవైపు భయం, ఇంకోవైపు కోపం. మూడోది కూడా ఒకటి ఉంది. తప్పు లేనిదే అయితే నేరుగా అడగొచ్చు కదా, ఈ నాటకమెందుకు అని.

పేరుపెట్టే ముందురోజు కడపలో దిగి ఇంకో బస్సు పట్టుకుని, మధ్యాహ్నానికి కమలాపురం చేరాను. సెలవు మీద వచ్చిన కొడుకూ, వియ్యంకుడూ పూలూ సామాన్లూ తేవడానికి కడప పోయారు. మా ఆవిడా వియ్యపురాలూ వంటింట్లో కజ్జికాయలు చేస్తున్నారు. కోడలు మధ్యగదిలో మంచం మీద కూర్చుని, చీర ఉయ్యాలను కాలితో ఊపుతోంది. నన్ను చూసి లేవబోయింది. వద్దని, కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఎండ ఎట్లుండాది, బస్సు దొరికిందా లాంటి మాటలు రెండు అయ్యాయి.

"ఆ పేరు నీకెట్ల దొరికిందమ్మా?" అని అడిగాను.

"ఐదో నెల్లో పడుకోనే ఉంటి గదా మామా. ఫోన్లో చూస్తాంటే కనపడింది. కాన్పు కాపాడే దేవతంట. మంటల్లో కూడా ఆయమ్మ బిడ్డలకు ఏం కాలేదంట. ఆ పొద్దు నాకు శానా భయమేసి మొక్కుకుంటి. బిడ్డ నిలిస్తే నీ పేరే పెట్టుకుంటానని."

నేను నమ్మలేదు. చువ్వ ఇంకొంచెం లోపలికి దించాను.

"అంతేనా? ఇంకేం లేదా?"

"ఇంకేముంటాది మామా?"

"దాపరికం ఎందుకులేమ్మా. ఆ పేరు నన్ననేదానికే గదా పెట్టినావు?"

ఉయ్యాల ఊపే కాలు ఆగిపోయింది. "మిమ్మల్నా? పూల పేరు పెట్టి మిమ్మల్నేమంటాను?"

"పూల సంగతి కాదు. ఆయమ్మ ఇంటికి నిప్పు ఎందుకు పెట్టుకునిందో నీకు తెలీదా?"

"తెలీదు మామా. నేను చదివిన దాంట్లో అది రాయలేదు. ఎందుకు పెట్టుకునింది?"

ఆమె ముఖం చూశాను. ముప్పై ఏళ్ళు అమ్మేవాళ్ళ ముఖాలు చూసినవాణ్ణి. అందులో ఏమీ కలపలేదు. అడిగింది తెలియకే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, కాదు, దొంగ ఎవరని ఒక్కరూ అడగకముందే, కర్నూలు నుంచి కమలాపురం దాకా బస్సెక్కి వచ్చి నా భుజాలు నేను తడుముకున్నాను.

లేచి పోయి ఉండొచ్చు. పోలేకపోయాను. "మొగుడు అనుమానపడినాడంట," అన్నాను నేల చూస్తూ. "కడుపులో బిడ్డ తనది కాదని."

ఆమె చూపు ఉయ్యాల మీద నిలిపింది. సుడోకు ముందు కూర్చున్నప్పుడు కూడా ఆమె అంతే. పెన్సిలు కదిలించదు, అడ్డం చూస్తుంది, నిలువు చూస్తుంది, అంకె తేలాకే వేస్తుంది. వంటింట్లో నూనె చిటపటలాడుతోంది. బిడ్డ ఉయ్యాల్లో ఒకసారి కదిలి సర్దుకుంది.

"స్కాను తీపించుకొచ్చిన పొద్దు," అంది చివరికి, "కేలండరు మీద పది చుక్కలు పెట్టింటిరి. నేను పాలపాకెట్ల లెక్క అనుకుంటి. చవితి దాటి ఎనక ఇంకా రెండు ఉండె. ఆ రెండు వారాలేనా మామా?"

తల ఊపాను.

వెనకబడిన పిల్లలకు లెక్క చెప్పేటప్పుడు ఆమె గొంతు ఎట్లా ఉంటుందో నేను ఎప్పుడూ వినలేదు. ఆ రోజు విన్నాను. కోపం లేదు, తొందర లేదు. "డాక్టర్లు బిడ్డ పడిన రోజు నుంచి లెక్కపెట్టరు మామా. ఆఖరిసారి బయట చేరిన రోజు నుంచి పెడతారు. మొదటి రెండు వారాలు కడుపులో ఎవురూ ఉండరు. అయినా లెక్కలో ఉంటాయి. ఎవురికైనా అంతే. అత్తమ్మకు కూడా తెలుసు. ఒక్క మాట అడిగింటే చెప్పేవాళ్ళం."

ఎనిమిది నెలలు నేను మోసిన మూట అంత చిన్నది. "తప్పైపోయిందమ్మా," అన్నాను. ఆ మాట నాకే వినపడలేదు.

"నేను ఈడ కదలకుండా పడుకోనున్నప్పుడు మీరు ఒక్కసారి కూడా రాలేదు," అంది. "మామకు అంగట్లో పనుంటాదిలే అని మా అమ్మకు నేనే చెప్తాంటి." అప్పుడు ఆమె గొంతు మారింది. కళ్ళు తుడుచుకుని, మళ్ళీ ఉయ్యాల ఊపసాగింది. "మీ అమ్మ పేరు పెట్టాలని మీకుండాదని ఆయన చెప్పినారు. కాగితాల్లో జేజమ్మ పేరే రాపిద్దాం, మొక్కు పేరు ఇంట్లో పిలుచుకుందాం అని నేను సరే అంటి. రాత్రి మీతో చెప్దామనుకున్యాం. ఇప్పుడు వద్దు మామా. కాగితాల్లో కూడా సకుయానే. రేపు చెవిలో పేరు చెప్పాల్సింది ఇంటి పెద్ద గదా. మీరే చెప్పాల."

ఉయ్యాల చీర సర్ది, "నేనెవురికీ చెప్పను," అంది.

మర్నాడు పళ్ళెంలో పోసిన బియ్యంలో మా కొడుకు బంగారు ఉంగరంతో పేరు రాశాడు. బిడ్డను నా ఒళ్ళో పెట్టారు. చెవికి తమలపాకు అడ్డం పెట్టి, మూడుసార్లు చెప్పాలి. మొదటిసారి చెప్పాను. రెండోసారి చెప్పాను. మూడోసారి దగ్గు నటించి చెప్పాల్సి వచ్చింది. ఎవరో చుట్టాలాయన, "అంటే ఏమప్పా?" అని అడిగాడు. కోడలు తలెత్తి నా వైపు చూసింది. "పూలు పూయించే తల్లి," అన్నాను. అందరూ బాగుంది బాగుంది అన్నారు. ఆమె తల దించుకుంది. ఆ రోజు బిడ్డ ముక్కు మా ముక్కేనని ఎవరో మళ్ళీ అన్నారు. చూడాలనిపించలేదు.

కోడలు మాట మీద నిలబడింది. మా ఆవిడకు గానీ, మా కొడుక్కి గానీ ఈరోజు వరకూ తెలియదు, ఇది చదివితే తప్ప. కల్లూరు వచ్చాక వేళకు కాఫీ వచ్చింది, వేళకు అన్నం వచ్చింది. మామా అన్న పిలుపులో మర్యాద ఏమీ తగ్గలేదు. పేపరు మాత్రం మడత విప్పకుండా నా ముందు పెట్టేది. నేను సుడోకు ఒక్కణ్ణే మొదలుపెట్టి, సగంలో చెడగొట్టి, వదిలేసేవాణ్ణి. అట్లా నాలుగేళ్ళు గడిచాయి. నా అనుమానం కూడా ఎక్కడికీ పోలేదు, కాకపోతే నా మీదికి తిరిగింది. ఎవరి గురించైనా ఏదైనా తోస్తే, ఏ రెండు వారాలు నాకు తెలియకుండా ఉన్నాయో అని ముందు నన్ను నేను గుచ్చి చూసుకుంటాను.

మొన్న స్కూల్లో పిల్లలను పేరుకు అర్థం చెప్పమన్నారట. సాయంత్రం సకుయ బ్యాగు కూడా దించకుండా నా దగ్గరికి వచ్చింది.

"తాతా, అమ్మ సగం కథే చెప్పింది. తక్కింది తాతనడుగు అనింది. ఆ దేవత ఇంటికి నిప్పు ఎందుకు పెట్టుకునింది?"

వంటింట్లో కోడలు గిన్నెలు సర్దుతోంది. మా మాటలు ఆమెకు వినపడతాయి.

"ఒకాయన ఆమెను నమ్మలేదమ్మా," అన్నాను.

"ఎందుకు నమ్మలే?"

"వానికి లెక్కలు రావు. తప్పు లెక్క వేసుకున్నాడు."

పిల్ల బ్యాగు దించి కింద పెట్టింది. "అమ్మనడిగింటే నేర్పిస్తాండె గదా," అంది. "మా అమ్మకు అన్ని లెక్కలూ వస్తాయి."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. "అవునమ్మా, అడగాల్సింది," అన్నాను, లోపలికి వినపడేటంత గట్టిగా. కాసేపటికి చప్పుడు మళ్ళీ మొదలైంది.

మర్నాడు పొద్దున కాఫీతో పాటు పేపరు వచ్చింది. అంకెల పేజీ పైకి మడిచి ఉంది. గళ్ళన్నీ పెన్సిలుతో నిండి ఉన్నాయి, ఒక్క గడి తప్ప. అందులో ఏ అంకె రావాలో చూడగానే తెలుస్తోంది. నాకోసమే వదిలిందా? స్కూలు టైమై వదిలేసిందా? పిల్ల పిలిస్తే లేచిపోయి మర్చిపోయిందా? మూడూ తోచాయి. పెన్సిలు పట్టుకుని చాలాసేపు ఆ గడి వంకే చూస్తూ కూర్చున్నాను. కాఫీ చల్లారిపోయింది.

తర్వాత పేపరు తీసుకుని వంటింటి గడప దాకా పోయి, ఆమెనే అడిగాను.